కిడ్నీతో పాటు షుగర్ కూడా ఇచ్చానా అమ్మాయ్?

మా ఇంట్లో రెండు వైపులా షుగర్ ఉన్నవాళ్ళు లేరు. మామయ్యగారు పోయేదాకా, డెబ్బై ఆరేళ్ళ వయసులో కూడా, భోజనం చివర బెల్లం ముక్క లేనిదే కంచం ముందు నుంచి లేచేవారు కాదు. అత్తయ్యకు అరవై రెండేళ్ళు, బీపీ కూడా లేదు. మా వారికి కిడ్నీలు పాడైంది షుగర్ వల్ల కాదు, ఐజీఏ నెఫ్రోపతి అనే జబ్బు వల్ల. అందుకే కిడ్నీ మార్పిడి జరిగిన ఏడో వారంలో డాక్టరుగారు "మీకు డయాబెటిస్ వచ్చినట్టుంది" అన్నప్పుడు మేం ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

షుగర్ ముదిరితే కిడ్నీలు పోతాయని మనందరికీ తెలుసు. కిడ్నీ మార్చాక షుగర్ రావచ్చని చాలామందికి తెలియదు. పరిశోధనల్ని బట్టి లెక్క మారుతుంది కానీ, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళలో నూటికి పది మంది నుంచి నలభై మంది దాకా ఇలా కొత్తగా షుగర్ వస్తుందట. మా ఇంట్లో అది వచ్చిన తీరు, దాన్ని సంబాళించుకున్న తీరు రాస్తే ఇంకో ఇంట్లో ఒకరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మా వారు రెండున్నరేళ్ళు డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రోజు మొత్తానికి కొలిచి పెట్టిన సీసాడు నీళ్ళే. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు, టమాటా వద్దు, ఆకుకూరలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండాలి. ఎండాకాలంలో ఐసు ముక్క ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చునేవారు. ఆ రోజులు చూసిన ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

నేనిద్దామంటే నా బ్లడ్ గ్రూపు బి, ఆయనది ఓ. అత్తయ్యది ఓ. "నేను కన్నవాడికి నేనివ్వక ఎవరిస్తారు" అని ఆవిడ ఒక్కమాటతో తేల్చేశారు. ఆవిడకి చేసిన పరీక్షలు అన్నీ ఇన్నీ కావు. అందులో ఒకటి నాకు బాగా గుర్తు. పరగడుపున రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి, రెండు గంటలు కదలకుండా కూర్చోబెట్టి మళ్ళీ రక్తం తీశారు. "పెళ్ళిళ్ళలో పానకం కూడా ఇంత తియ్యగా ఉండదే" అని ఆవిడ మొహం చిట్లించారు. ఆ రిపోర్టు శుభ్రంగా వచ్చింది. ఈ సంగతి తర్వాత మాకు ఎంత పనికొచ్చిందో చెప్తాను.

మాఘమాసంలో ఆపరేషన్ అయింది. కొత్త కిడ్నీ బల్ల మీదే పని మొదలుపెట్టిందని చెప్పారు. ఒంట్లోకి వెళ్ళిన నీళ్ళు మళ్ళీ బయటికి రావడమంత గొప్ప విషయం ఇంకోటి ఉండదని ఆ వారం మాకు తెలిసింది. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగమన్నారు. ఆయన చెంబుతో ఎత్తి తాగుతుంటే అత్తయ్య పక్కనే నిలబడి, చంటిపిల్లాడు పాలు తాగుతుంటే చూసినట్టు చూసేవారు.

ఈ షుగర్ మెలిక అక్కడే ఉంది చూడండి. షుగర్ లక్షణాలేమిటి? దాహం, మాటిమాటికీ బాత్రూముకు వెళ్ళడం, ఆకలి, నీరసం. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకి ఇవన్నీ మామూలుగానే ఉంటాయి. నీళ్ళు తాగమన్నారు కాబట్టి తాగుతారు, తాగారు కాబట్టి వెళ్తారు, స్టెరాయిడ్ వల్ల ఆకలి దంచేస్తుంది, ఆపరేషన్ అయింది కాబట్టి నీరసం. లక్షణాలు చూసి పట్టుకుందామంటే ఇది దొరకదు. పరీక్షలోనే దొరుకుతుంది.

ఆస్పత్రిలో ఉన్న రోజుల్లోనే షుగర్ పెరిగింది. స్టెరాయిడ్ పెద్ద మోతాదులో ఇస్తారు కాబట్టి అప్పుడు దాదాపు అందరికీ పెరుగుతుందని, దాన్ని అప్పుడే డయాబెటిస్ అనరని చెప్పారు. ఇంటికొచ్చి, మందులు ఒక దారిన పడి, నెలన్నర దాటాక కూడా ఉంటే అప్పుడే ఆ పేరు పెడతారట. అందుకే ఇంటికి వచ్చేముందు అక్కడి సిస్టరు గ్లూకోమీటరు వాడడం నేర్పించి, "అమ్మా, పొద్దున పరగడుపున ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి చూడండి. సాయంత్రందే ముఖ్యం" అని రెండుసార్లు చెప్పింది.

ఎందుకు సాయంత్రందే ముఖ్యమో నా నోటుబుక్కు చూస్తే అర్థమైంది. పొద్దున 96, 101, 94. ఎవరు చూసినా షుగర్ లేదనే అంటారు. సాయంత్రం 240, 265, ఒకరోజు 291. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పొద్దున వేసుకుంటారు కదా, దాని ప్రభావం మధ్యాహ్న భోజనం నుంచి రాత్రి దాకా ఎక్కువ. తెల్లారేసరికి దిగిపోతుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుంటే ఇది తప్పించుకుపోతుంది. మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా మొదటి నెలల్లో నమ్మదగింది కాదట. డయాలసిస్ వాళ్ళకి రక్తం తక్కువగా ఉంటుంది, కొత్త కిడ్నీ వచ్చాక కొత్త రక్తం పడుతుంది, అందుకని ఆ అంకె నిజంకంటే తక్కువ చూపించవచ్చు.

ఏడో వారంలో నోటుబుక్కు చూశాక డాక్టరుగారు ఆ మాట అన్నారు. ఇంటికొచ్చాం. వార్త చుట్టాలకి చేరింది. పరామర్శకని వచ్చిన దగ్గర బంధువొకావిడ కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ, "వీళ్ళింటా వంటా లేని షుగరు ఎలా వచ్చిందమ్మా? ఆ కిడ్నీతోనే వచ్చిందేమో" అనేసి వెళ్ళిపోయింది.

అత్తయ్య ఏమీ అనలేదు. ఆ రాత్రి మజ్జిగ తాగి పడుకున్నారు. మర్నాటి నుంచి కాఫీలో చక్కెర మానేశారు. పండు మానేశారు. శుక్రవారం అమ్మవారికి పెట్టిన పరమాన్నం కళ్ళకద్దుకుని నాకు ఇచ్చేశారు. నాలుగో రోజు నేను బియ్యం ఏరుతుంటే వచ్చి పక్కన కూర్చుని, "వాడికి కిడ్నీతో పాటు షుగర్ కూడా ఇచ్చానా అమ్మాయ్?" అన్నారు. ఆవిడ గొంతు అలా ఉండగా పద్నాలుగేళ్ళ కాపురంలో నేనెప్పుడూ వినలేదు.

నాకు తెలిసినంత చెప్పాను. కానీ కోడలు చెప్తే ఓదార్పు అవుతుంది, డాక్టరు చెప్తేనే నమ్మకం అవుతుంది. తర్వాతి చెకప్‌కి ఆవిడని కూడా తీసుకెళ్ళాను. ఆవిడే అడిగారు. "నా కిడ్నీలో ఏమైనా దోషం ఉందా బాబూ?"

ఆ డాక్టరుగారికి బయట ముప్పై మంది ఎదురుచూస్తున్నారు. అయినా కుర్చీ ఆవిడ వైపు తిప్పుకుని నిదానంగా చెప్పారు. ఆయన చెప్పింది నాకు అర్థమైన మాటల్లో రాస్తాను.

షుగర్‌ని అదుపులో పెట్టే ఇన్సులిన్ కిడ్నీలో తయారవదు, క్లోమంలో తయారవుతుంది. కాబట్టి కిడ్నీతో షుగర్ రాదు. పైగా షుగర్ లేదని ఆ గ్లూకోజు నీళ్ళు తాగించి మరీ తేల్చుకున్నాకే ఆవిడ కిడ్నీ తీసుకున్నారు. మరి ఎందుకొచ్చింది? కొత్త కిడ్నీ పరాయిదని ఒళ్ళు దాన్ని తోసేయకుండా ఆపే మందుల వల్ల. టాక్రోలిమస్ అనే మందు క్లోమం ఇన్సులిన్ విడుదల చేయడాన్ని తగ్గిస్తుంది. స్టెరాయిడ్ ఏమో, ఉన్న ఇన్సులిన్ మాట ఒంటిని విననివ్వదు. ఒకటి సంపాదన తగ్గిస్తే ఇంకొకటి ఖర్చు పెంచుతుందన్నమాట. ఇక మూడోది. పాడైన కిడ్నీ ఇన్సులిన్‌ని సరిగా ఖర్చు చేయలేదు కాబట్టి డయాలసిస్ రోజుల్లో అది ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, లోపల దాగున్న షుగర్ బయటపడదు. మంచి కిడ్నీ రాగానే ఇన్సులిన్ చకచకా ఖర్చవుతుంది, కిడ్నీ తన వంతు గ్లూకోజు కూడా తయారుచేస్తుంది. "అంటే అమ్మా, మీ కిడ్నీ బాగా పనిచేస్తోందనడానికి ఇది కూడా ఒక గుర్తే" అన్నారాయన.

అత్తయ్య చెంగుతో కళ్ళు తుడుచుకుని బయటికొచ్చి, క్యాంటీనులో చక్కెర వేసిన కాఫీ అడిగి తాగారు.

ఇక వైద్యం సంగతి. మొదట ఇన్సులినే పెట్టారు. పాలలా తెల్లగా ఉండే ఎన్‌పీహెచ్ రకం, పొద్దున స్టెరాయిడ్ మాత్రతో పాటు ఒక ఇంజెక్షను. మాత్ర ప్రభావం మధ్యాహ్నం పెరిగేసరికి ఇది కూడా పెరుగుతుంది, రాత్రికి రెండూ దిగుతాయి. మోతాదు ఎంతో ఇక్కడ రాయను, అది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. బుడ్డిని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి కలపాలి, మజ్జిగ గిలకొట్టినట్టు కుదపకూడదు. వాడనివి ఫ్రిజ్‌లో తలుపు వైపు, ఐసు పెట్టే అరలో కాదు. "ఇన్సులిన్ దాకా వచ్చిందంటే ముదిరిపోయినట్టేగా" అని మా వారు డీలాపడ్డారు. అది ముదిరినదానికి గుర్తు కాదు, అలిసిన క్లోమానికి కాస్త విశ్రాంతి అని డాక్టరుగారు చెప్పారు. మొదట్లోనే ఇన్సులిన్ ఇస్తే తర్వాత షుగర్ నిలవడం తగ్గిందని వియన్నా డాక్టర్లు యాభై మంది మీద చేసి 2012లో ప్రచురించిన పరిశోధన ఒకటుందట. తర్వాత ఇంకా ఎక్కువమందితో చేసినప్పుడు తేడా అంత స్పష్టంగా రాలేదని, లో షుగర్లు ఎక్కువయ్యాయని కూడా ఆయనే చెప్పారు. అందుకే ఇన్సులిన్ మొదలుపెట్టాక నోటుబుక్కు మరింత జాగ్రత్తగా రాయమన్నారు.

లో షుగర్ అంటే ఏమిటో మూడో నెలలో చూశాం. స్టెరాయిడ్ మోతాదు మెట్టుమెట్టుగా తగ్గిస్తూ వచ్చారు. అది తగ్గేకొద్దీ ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది. ఆ రోజు ఆయన బ్యాంకు పని మీద వెళ్ళి భోజనం ఆలస్యం చేసి వచ్చారు. వస్తూనే చెమటలు, చేతులు వణుకు. చూస్తే 58. నేను మీటరు కింద పెట్టేలోపు అత్తయ్య మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించేశారు. పావుగంట ఆగి మళ్ళీ చూస్తే 84. అప్పుడు అన్నం పెట్టాం. 70 కంటే తగ్గితే ముందు చక్కెర, తర్వాతే ఫోన్లూ ప్రశ్నలూ. ఇది ఇంట్లో పిల్లలకి కూడా నేర్పండి. సాయంత్రం డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఇన్సులిన్ తగ్గించారు.

ఐదో నెలకి ఇన్సులిన్ ఆపి లినాగ్లిప్టిన్ మాత్ర ఇచ్చారు. కిడ్నీ పనితీరు ఎలా ఉన్నా దీని మోతాదు మార్చక్కర్లేదట. క్రియాటినిన్ నిలకడగా ఉందని చూసుకున్నాక కొంచెం మెట్‌ఫార్మిన్ కలిపారు. షుగర్‌ని మూత్రంలో పంపేసే కొత్త రకం మాత్రల గురించి మా వారు అడిగితే, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ల భయం ఉంది, మీకు ఇప్పుడే వద్దన్నారు. మా పక్కింటావిడ మంచి మనసుతోనే తన షుగర్ మాత్రల షీటు ఒకటి తెచ్చిచ్చింది. తీసుకుని బీరువాలో పెట్టాను, వాడలేదు. మామూలు షుగర్‌కి పనికొచ్చే మాత్రలన్నీ కిడ్నీ మార్పిడి వాళ్ళకి పనికిరావు.

సలహాల గురించి కూడా చెప్పాలి. మెంతిపొడి, కాకరరసం సరే. ఒకరు తిప్పతీగ కషాయం తాగమన్నారు, రోగనిరోధక శక్తి పెరుగుతుందని. మనం ఆ శక్తిని అణచిపెట్టడానికే రోజూ మందులు మింగిస్తున్నాం! ఏ పొడైనా, ఏ కషాయమైనా డాక్టరుకి చెప్పకుండా నోట్లో పెట్టకూడదు. పండ్లలో కూడా పంపర పనస వద్దన్నారు, టాక్రోలిమస్‌ని రక్తంలో పెంచేస్తుందని. వినాయక చవితికి పాలవెల్లికి కట్టిన పంపర పనసని పూజయ్యాక అత్తయ్య పనిమనిషికి ఇచ్చి పంపించారు.

ఇన్నిట్లోనూ నాకు నిజంగా భయం వేసింది ఒక్కరోజే. డాక్టరుగారు చెప్పిన కారణం మా వారి బుర్రలో తిరుగుతూనే ఉంది. ఒక రాత్రి తొమ్మిదింటికి టాక్రోలిమస్ వేసుకునే వేళ, క్యాప్సూలు చేతిలో పెట్టుకుని, "షుగర్ తెస్తున్నది ఇదే కదా. రాత్రి పూట మానేస్తే ఏమవుతుంది? కిడ్నీ బానే ఉందిగా" అన్నారు. నేను నచ్చజెప్పబోయాను. వినలేదు. సూదులతో, లెక్కలతో విసిగిపోయి ఉన్నారు, అర్థం చేసుకోగలను. కానీ ఆ మందు పన్నెండు గంటలకోసారి పడకపోతే ఒళ్ళు కిడ్నీని తోసేయడం మొదలుపెడుతుంది. పైకి ఏ నొప్పీ తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోవచ్చు.

అత్తయ్య హాల్లోంచి విన్నారు. లేచి వచ్చి, చీర మీది నుంచే నడుం పక్కన చెయ్యి వేసుకుని, "ఒరేయ్ నాన్నా, ఇది పాడైతే ఇంకోటి ఇద్దామన్నా నా దగ్గర ఉన్నది ఒక్కటేరా" అన్నారు.

ఆయన క్యాప్సూలు మింగేశారు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు డాక్టరుగారితో ఈ సంగతి దాచకుండా మాట్లాడాం. టాక్రోలిమస్ బదులు సైక్లోస్పోరిన్ అనే పాత మందుకి మార్చితే కొందరికి షుగర్ తగ్గుతుందని, కానీ కిడ్నీ తిరస్కరణ ప్రమాదం దాంతో ఎక్కువని, మా వారికి షుగర్‌ని మాత్రలతో అదుపు చేయగలుగుతున్నప్పుడు కిడ్నీతో జూదం ఆడక్కర్లేదని చెప్పారు. టాక్రోలిమస్ రక్తంలో ఎంత ఉందో పరీక్ష చేసి, అవసరమైనంతకే మోతాదు సరిచేశారు. ఆ పరీక్ష రోజున పొద్దున క్యాప్సూలు వేసుకోకుండా వెళ్ళి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. నేను క్యాప్సూలు, చిన్న నీళ్ళ సీసా నా సంచిలోనే పట్టుకెళ్తాను.

వంటింటి సంగతి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. డయాలసిస్ వంట ఒకటి, మార్పిడి తర్వాత వంట ఇంకొకటి. "ఇక అన్నీ తినొచ్చు" అన్న మాట కోసం రెండున్నరేళ్ళు ఎదురుచూసిన మనిషికి, సరిగ్గా బంగినపల్లి మామిడిపళ్ళు దిగే వేళకి షుగర్ వచ్చింది. పూర్తిగా వద్దంటే మనసు విరుగుతుంది. ఆయనకి షుగర్ పొద్దున తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ కాబట్టి దానికి తగ్గట్టే సర్దాను. మధ్యాహ్నం అన్నం రెండు గరిటెలు, కూర గిన్నెడు, పప్పు, పెరుగు. ముందు కూర తిని తర్వాత అన్నం. తిన్నాక పావుగంట హాల్లోనే అటూ ఇటూ నడక. సాయంత్రం బిస్కెట్ల బదులు ఉడికించిన సెనగల గుగ్గిళ్ళు. మామిడిపండు చెంప ఒకటి, పొద్దున టిఫిన్ తగ్గించి దాంతో పాటు, వారానికి రెండుసార్లు. నాలుగింటి అంకె బాగుంటేనే మళ్ళీ చెంప. ఈ ఒప్పందం ఆయనకి బాగా నచ్చింది. కొబ్బరినీళ్ళ మాట మాత్రం పొటాషియం రిపోర్టు చూశాకే, ఎందుకంటే టాక్రోలిమస్ పొటాషియం కూడా పెంచవచ్చు.

ఇంకో రెండు చిన్న విషయాలు. కాళ్ళు రోజూ చూడాలి. షుగర్‌తో పాటు రోగనిరోధక శక్తి కూడా తక్కువ కాబట్టి చిన్న పుండు కూడా పెద్దదవుతుంది. రాత్రి పడుకునేముందు నేనే టార్చిలైటు వేసి పాదాలు, వేళ్ళ సందులు చూస్తాను. మొదట్లో సిగ్గుపడేవారు, ఇప్పుడు కాళ్ళు చాపి టీవీ చూస్తూ కూర్చుంటున్నారు. ఏడాదికోసారి కంటి పరీక్ష కూడా మర్చిపోకూడదు.

ఇప్పటికి రెండేళ్ళు దాటింది. క్రియాటినిన్ 1.2. హెచ్‌బీఏ1సీ 6.7. రెండు షుగర్ మాత్రలున్నాయి, ఇన్సులిన్ లేదు. ఇది పోతుందా అని నన్ను అడుగుతుంటారు. కొందరికి మందులు తగ్గాక పోతుంది, చాలామందికి ఉంటుంది. మాకు ఉండేట్టే ఉంది. ఉండనీ. ఆ మందులు కిడ్నీని కాపాడుతున్నాయి, ఆ మందుల వల్ల వచ్చిన షుగర్‌ని మేం చూసుకుంటున్నాం. ఎవరి పని వాళ్ళది.

మీ ఇంట్లో గానీ చుట్టాల్లో గానీ ఎవరికైనా కిడ్నీ మార్పిడి జరిగితే, పరామర్శకి వెళ్ళినప్పుడు "ఎవరి వల్ల వచ్చింది" అని మాత్రం అడక్కండి. కిడ్నీ ఇచ్చిన తల్లో, భార్యో, అక్కో పక్క గదిలోంచి వింటూ ఉంటుంది. అడగాలనిపిస్తే, "సాయంత్రం షుగర్ చూస్తున్నారా?" అని అడగండి. అది పనికొచ్చే ప్రశ్న.